గడియారంగారికి నచ్చిన దరువు

"ఆ తలుపు మీద చెయ్యి వేశారంటే పెట్టె సర్దుకుని వెళ్లిపోతాను!"

సంగీత దర్శకుడి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తన స్టూడియోలో తన మాటకి ఎదురుమాట విని ఆయనకి ఏళ్లయింది. లయ వెంట్రుకవాసి తప్పినా ప్రళయం పుట్టిస్తాడని వాద్యగాళ్లు ఆయనకి పెట్టుకున్న పేరు 'గడియారం'.

"నా గది తలుపు నేను తీసుకోకూడదా అమ్మా?"

"గది మీది. పెట్టె నాది. ముసలిది, కొత్తవాళ్లు దానికి పడరు. పక్కన మా ఆయన ఒక్కరే ఉండాలి. వైరు తలుపు కిందనుంచి ఇచ్చాను. మీకు శబ్దం కావాలా, దర్శనం కావాలా?"

సౌండ్ ఇంజనీరు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. గడియారం గింజుకుంటూ వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

ఆమెని వీధిలో అందరూ 'పెట్టెలావిడ' అంటారు. పాత దరువుపెట్టెలు ఎక్కడ కనిపించినా వదలదు. ఒక మీట నొక్కితే డ్రమ్ములా ధనధనమంటుంది, ఇంకోటి నొక్కితే తాళాల్లా ఛంగుమంటుంది. వరస ఒక్కసారి పెడితే చాలు, పెట్టె తనే తిప్పితిప్పి వాయించుకుంటుంది. జీతం అడగదు, టీ అడగదు. అందుకే ఒకప్పుడు గడియారం, "మనిషి చెయ్యి తడబడుతుంది, యంత్రం తడబడదు" అంటూ ఇలాంటి పెట్టెనే తెచ్చి డ్రమ్మర్‌ని పంపించేశాడు. ఆ డ్రమ్మరే ఆమె భర్త. తాళం వేసిన చేతులకి ఆ రోజే తాళం పడింది.

అలాంటి ఇంట్లో ఆమె ఆ పెట్టెలనే పోగేస్తుంటే ఆడపడుచు ఊరుకుంటుందా?

"మా అన్నయ్య పొట్ట కొట్టినదాన్ని తెచ్చి నట్టింట్లో పెట్టుకుంటావా వదినా? ఒక్క సవతినే భరించలేక ఆడవాళ్లు చస్తుంటే, నువ్వు గదినిండా సవతుల్ని నింపావు! దుమ్ము దులపడానికి మళ్లీ బ్రష్షొకటి!"

"ఆ స్టూడియోలోనే నా పెట్టె మోగిస్తాను. మోగకపోతే అన్నీ పాతసామాన్లవాడికి వేసేస్తాను. మోగితే మాత్రం, మీ అన్నయ్య పని అయిపోయిందన్న మాట ఈ గుమ్మంలో ఇంకెవరూ అనకూడదు."

"పెట్టె మోగితే అన్నయ్యకేంటి లాభం?"

"అది నాకూ మీ అన్నయ్యకీ మధ్య విషయం."

ఇప్పుడు పాత శబ్దానికి మళ్లీ మోజొచ్చింది. కంప్యూటర్ దరువు అట్టముక్క మీద కొట్టినట్టుందని గడియారమే కబురు పెట్టాడు. పొద్దున భర్త పెట్టె మోసుకొస్తుంటే స్టూడియో గుమ్మంలోనే ఎదురయ్యాడు.

"నువ్వా! నీ కుర్చీ లాక్కున్నదాన్ని నువ్వే మోస్తున్నావా? దరువు పోతే బరువే మిగిలిందన్నమాట!"

భర్త పెట్టెని ఇంకో భుజానికి మార్చుకున్నాడు. ఆమెకి మాత్రం ఒళ్లు మండింది. "జాగ్రత్తండీ, గుమ్మం తగలనివ్వకండి. ఇక్కడ తగలడానికి చాలా ఉన్నాయి" అంది, గడియారం వంకే చూస్తూ.

"ఇక మొదలెడదామా?" అన్నాడు ఇంజనీరు.

ఆమె తలుపు మీద వేళ్లతో రెండుసార్లు తట్టింది. లోపలినుంచి దరువు మొదలైంది. మైకు ముందు గాయని పాట ఎత్తుకుంది.

మొదటి చరణం దాకా గడియారం మొహం ముడుచుకునే ఉంది. రెండో చరణంలో గాయని ఊపిరి అందక ఒక మాట దగ్గర రవ్వంత ఆగింది. దరువూ రవ్వంత ఆగింది. ఆమె అందుకుంది, అదీ అందుకుంది. గడియారం కుర్చీలోంచి లేచాడు. పెట్టెలావిడ తలుపుకి అడ్డంగా జరిగింది.

పాట అయిపోయింది.

"అదేంటి సార్, అది నా పాట వింటున్నట్టుంది!" అంది గాయని.

"యంత్రం వినదమ్మా, వినిపిస్తుంది" అన్నాడు గడియారం.

"పాతవాటికి అదే అందం సార్" అన్నాడు ఇంజనీరు అన్నీ తెలిసినవాడిలా. "వేడెక్కితే లోపలి సామాను కాస్త సాగుతుంది. దాంతో నడకలో ఒక ఊపొస్తుంది. అందుకే జనం వీటికోసం ఎగబడుతున్నారు."

"అద్భుతం!" గడియారం చప్పట్లు కొట్టాడు. "నేను ఆ రోజే చెప్పాను. మనిషైతే ఇలా కొట్టగలడా?"

"ఆ మాట ఇంకోసారి అనండి. కాస్త గట్టిగా, లోపలికి వినపడేలా."

ఆయన సంతోషంలో ఉన్నాడు. మళ్లీ అన్నాడు, గోడలదిరేలా.

"ఇక నా పాటలన్నిటికీ ఈ దరువే. పెట్టె నాకమ్మేయమ్మా."

"అమ్మను. కావాల్సినప్పుడు పిలవండి, వస్తాం. తలుపు ఇలాగే మూసుండాలి. ఇంకో మాట. రికార్డు అట్ట మీద మీ పేరు, గాయని పేరు వేస్తారుగా? దరువు ఎవరిదో కూడా వెయ్యాలి."

"పెట్టె చేసిన కంపెనీ పేరా?"

"కాదు. నేను చెప్పిన పేరు."

"పెట్టెకి ముద్దుపేరు కూడా పెట్టుకున్నావా! సరే, వేస్తాం."

"అందరి ముందూ మాటిచ్చారు. తర్వాత గడియారం వెనక్కి తిరక్కూడదు."

ఆ పేరు మొహంమీద వినడం ఆయనకి అదే మొదలు. అయినా దరువు మత్తులో నవ్వేశాడు. "తిరగదు. ఇంతకీ ఏం పేరు?"

"ఉండండి. పూర్తిపేరు వెయ్యాలా, ఇంటిపేరుతో సరా అని అడిగొస్తాను."

"ఎవర్ని, పెట్టెనా?" గదంతా గొల్లుమంది.

ఆమె తల ఎత్తుకుని ఆ నవ్వుల మధ్యనుంచే నడిచి, తలుపు ఓరగా తీసి, తను మాత్రమే పట్టేంత సందులోంచి లోపలికి వెళ్లి, మూసేసింది.

లోపల భర్త, పాట పొడుగునా మీటలు కొట్టీ కొట్టీ కందిపోయిన వేళ్లను చన్నీళ్లలో ముంచుకుని కూర్చున్నాడు.