గేటు పక్క జాగా

తవ్వాల్సిన మట్టిదిబ్బ మీద ఒక ముసలాయన వచ్చి కూర్చున్నాడు. గడ్డపార ఎత్తిన కూలీలు ఎత్తినట్టే ఆగిపోయారు.

ఆయన పక్కన సున్నం బకెట్టు, చేతిలో కుంచె.

"ఈ ఒక్కటి ఇడిసిపెట్టుండ్రి సారూ," అన్నాడు.

ప్రభుదాసుకు చిర్రెత్తుకొచ్చింది. ఆయన చర్చి పెద్ద. హయత్‌నగర్ నుంచి అల్మాస్‌గూడ దాకా ప్లాట్లు చేసి అమ్మినవాడు. దేవుడు ప్రేమించినవాళ్ళకే ఆస్తులిస్తాడని ప్రతి ఆదివారం సాక్ష్యం చెప్పేవాడు.

ఎల్బీనగర్‌లోని ఆ సమాధుల తోటలో తల్లి పేరిట నల్ల గ్రానైట్‌తో జ్ఞాపక సమాధి కట్టించడానికి పూనుకున్నాడు. ఆమె కరోనాలో పోయింది. శవాన్ని సర్కారోళ్ళు ఇవ్వలేదని, అందరితో కలిపి కాల్చేశారని ఆయనే సంఘంలో చెప్పాడు. శవం లేకపోతేనేం, ఈస్టర్ తెల్లవారుజామున సంఘమంతా కొవ్వొత్తులతో వచ్చేసరికి రాయి నిలబడి ఉండాలి. అదీ గేటు పక్కనే, అందరి కంటా పడేలా. ప్లాట్ల వ్యాపారికి రోడ్డు బిట్టు విలువ ఇంకొకరు చెప్పాలా?

గేటు పక్కనున్నది పేరులేని దిబ్బ. మూడు ఈస్టర్లు వరుసగా బంధువులెవరూ రాకపోతే ఆ జాగా ఇంకొకరికి ఇవ్వొచ్చని తోట కమిటీ నిబంధన. కమిటీకి అధ్యక్షుడూ ఆయనే.

లోపల ఎవరున్నారని అడిగాడు. ఒక అవ్వ అన్నాడు ముసలాయన. పేరు తెలియదట, కాగితాల మీద ఉన్నది చదవడం రాదట. నీకేమవుతుందంటే ఏమీ కాదన్నాడు. తన పేరు కొండల్ అనీ, ఏటా దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చి ఈ దిబ్బకు తానే సున్నం వేస్తున్నాననీ చెప్పాడు.

"ఏ చర్చి నీది?"

"నేను యాదగిరి నర్సన్నను మొక్కుతా సారూ."

కూలీలు నవ్వారు. మరి మా తోటలో నీకేం పనని ప్రభుదాసు గద్దించాడు.

"అవ్వకు మాటిచ్చిన. ఆమె కొడుకు ఒస్తడు. ఈ పండుగ దాక జర ఆగుండ్రి."

"ఇన్నేండ్లు రానోడు నాలుగు దినాలల్ల ఒస్తడా? తల్లి మన్ను ఏడున్నదో ఎరుగనోడు కొడుకెట్లయితడు? అసుంటోని తల్లికి గేటు పక్క జాగ ఎందుకు?"

కొండల్ దిబ్బ మీంచి లేచాడు. బకెట్టు తీసుకుని పక్కకు జరిగాడు.

పూడ్చినప్పటి హడావిడిలో గుంత లోతుగా తీయలేదేమో, మూడడుగులకే గడ్డపార మెత్తగా దేనికో తగిలింది. మట్టి తీస్తే ప్లాస్టిక్ సంచి. ఇన్నేళ్ళయినా చీకిపోలేదు. జిప్పు పక్కన అతికించిన చీటీ మీద అక్షరాలు మాత్రం చెరిగిపోయాయి.

"కరోనా శవం," అన్నాడు ఒక కూలీ. ఇద్దరూ గుంతలోంచి ఎగిరి బయటపడ్డారు.

ప్రభుదాసు పైప్రాణాలు పైనే పోయాయి. ఆ ఏడాది నుంచీ ఆ మాటంటేనే ఆయనకు వణుకు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వెనక్కి వెనక్కి నడిచి కారెక్కాడు. పాత ఎముకలు వేసే గుంతలో కూడా దాన్ని పెట్టడానికి వీల్లేదన్నాడు.

కొండల్ ఒక్కడే గుంతలోకి దిగాడు. సంచిని రెండు చేతులా ఎత్తుకుని పైకి వచ్చాడు. బరువేమీ లేదు.

"ఏడ పెట్టాలె సారూ?"

"నీ ఇష్టం. మళ్ళ నా కండ్లకు కనపడొద్దు," అని ప్రభుదాసు కారు అద్దం ఎక్కించాడు.

ఈస్టర్ నాడు తెల్లవారకముందే తోట నిండిపోయింది. ప్రభుదాసు భార్య రూబీ రాతి మీది ముసుగు తీసింది. నున్నటి గ్రానైట్ మీద ఎలీశమ్మ పేరు, పైన నవ్వుతున్న ఫోటో. అంత రాయి ఆ తోటలో ఇంకెవరికీ లేదు.

ప్రభుదాసు మైకు పట్టుకున్నాడు. తల్లి కడచూపుకు కూడా నోచుకోలేదని చెప్పాడు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. ఆ రోజు దవాఖాన నుంచి మూడుసార్లు ఫోన్ వచ్చిందనీ, అమ్మ అడుగుతోంది రమ్మన్నారనీ, ఆ తర్వాత తానే ఫోన్ ఆపేశాననీ చెప్పలేదు. కొన్ని సంగతులు మైకులో చెప్పేవి కావు.

అప్పుడే కొండల్ గేటు దగ్గరికి వచ్చాడు. తోట ఊడ్చే యాదలక్ష్మికి ఒక మాట అప్పజెప్పి పోదామని వచ్చాడు.

"అవ్వ కొడుకు ఒస్తే చెప్పు బిడ్డా. ఏడా జాగ దొరకలే. కొత్త బట్టల చుట్టి మూసారాంబాగ్ బ్రిడ్జి కాడ మూసీల కలిపిన. మా తీరుగనే దండం బెట్టిన. తప్పయితే మాఫ్ చెయ్యమను."

పండుగ పూట ఈ పీడ ఏమిటని ప్రభుదాసు విసురుగా అటు వచ్చాడు.

కొండల్ ఆయన్ను చూడలేదు. ఆయన వెనకున్న రాతిని చూస్తున్నాడు. మెల్లగా దాని దగ్గరికి నడిచాడు. ఫోటో మీద పడ్డ మైనాన్ని గోటితో గీకి తీశాడు.

"ఈ అవ్వనే," అన్నాడు. "నేను దవాఖానల ఊడుస్తుంటి. పానం పొయ్యేదాక నా చెయ్యి ఇడువలే. నా కొడుకు భక్తిపరుడు, తప్పకుండ ఒస్తడు, అప్పటిదాక నన్ను కాల్చనియ్యకు, మన్నుల పెట్టు అన్నది. శవాల బండోన్ని బతిమాలి ఈడ దించుకున్న."

రూబీ భర్త ముఖంలోకి చూసింది.

కొండల్ కళ్ళు తుడుచుకుని ఆయన వైపు తిరిగాడు. ముఖంలో ఎక్కడలేని ఆశ.

"ఒచ్చిండా సారూ, ఆమె కొడుకు?"