కూర్మమ్మ పసరు

"వద్దు బాబూ, వద్దు! గాలివాలుకి నిలబడొద్దని ఆయమ్మకి సెప్పు! మొకానికి గుడ్డైనా అడ్డెట్టుకోమను!"

నరసింగరావుకు ఒళ్లు మండిపోయింది.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిది, పుష్యమాసం. పొద్దున్నుంచీ గాలి లేక ఉసూరుమని కూర్చుని, ఇప్పుడే పీటెక్కి చేటతో వడ్లు తూర్పారబడుతున్నాడు. కింద భార్య లక్ష్మణమ్మ చీపురుతో తాలు ఊడుస్తోంది. ధాన్యం ఇంటికొచ్చే వేళ, కళ్లంలో నిలబడి "వద్దు" అనే మాట ఎవరైనా అంటారా?

అంటోంది, ఎవరో ఊరూ పేరూ తెలియని ముసలమ్మ.

గింజల కోసం వచ్చిందనుకుని, పీట దిగి దోసెడు వడ్లు ఆమె కొంగులో పోశాడు. కళ్లానికొచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపకూడదు మరి.

ఆమె వాటిని మళ్లీ రాశిలోనే వంపేసింది.

"గింజలకి రానేదు బాబూ. కంట్లో నలక పడితే మంచినీల్లతో కడగండి. నలపకండి. తగ్గకపోతే ఆస్పత్రికెల్లండి. పసరు మాత్రం పొయ్యకండి."

"ఏటీ, పసరొద్దా? కూర్మమ్మ పసరు గురించి ఇన్నావా ఎప్పుడైనా? మాయమ్మ ఆ మహాతల్లి కాడే నేర్సుకుంది. ఆవిడ కంటే నీకెక్కువ తెలుసా?"

ముసలమ్మ మొహం పాలిపోయింది.

"అదే సెప్తన్నాను బాబూ, నా పేరు..."

"నీ పేరుతో నాకేటి పని? ఎల్లెల్లు!"

వెళ్లింది. వెళ్తూ పక్క కళ్లం దగ్గర ఆగి, అక్కడా "వద్దు" మొదలుపెట్టింది.

"దీని నోరు పడిపోనూ!" అనుకున్నాడు.

పొద్దువాలేలోపే లక్ష్మణమ్మ కంట్లో నలక పడింది.

"ఆ ముసలమ్మ సెప్పినట్టు ఆస్పత్రికెల్దావేటి?" అంది.

"దాని మాటొకటా!"

నరసింగరావే ఆకు నూరి, గుడ్డలో పిండి, తన చేత్తో పోశాడు. తగ్గలేదు. మళ్లీ పోశాడు. కన్ను తెల్లబడ్డాక గానీ పెద్దాసుపత్రి గుర్తురాలేదు ఆయనకు.

డాక్టరు విసుక్కున్నాడు.

"నలక గీరిందంతే. కన్ను తీసింది మీ పసరు. ఇంక ఆ చూపు రాదు. ఎన్నిసార్లు చెప్పాలయ్యా మీకు?"

బయట వరండాలో ఆ ముసలమ్మే. వచ్చినవాళ్లందరికీ అదే మాట చెబుతోంది.

నరసింగరావు ఆమె ముందు కూలబడ్డాడు.

"నీ మాట ఇన్లేదు తల్లీ! ఆ పసరు నేర్పిన కూర్మమ్మ కనబడితే అడుగుదును, మా లచ్చనమ్మ కన్ను తెచ్చిమ్మని!"

ముసలమ్మ తలెత్తలేదు.

"అడుగు బాబూ," అంది. "ఆ కూర్మమ్మని నానే."