స్టూలు మీది పంపు

"అది వద్దు. ఆ మూల ఉన్నది తీయండి" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

పంపులు చేసే ఆ షెడ్డు యజమానికి గుండె జారిపోయింది. గుమ్మం ఎదురుగా, తెల్లగుడ్డ పరిచిన స్టూలు మీద, నీలం రంగులో నిగనిగలాడే నీళ్ల పంపు ఉండగా ఈవిడ కళ్లు పోయి పోయి ఆ దుమ్ముకొట్టుకున్న దాని మీద పడాలా? నీలం పంపును ఈ పరీక్ష కోసమే తయారుచేశాడు. మందపాటి రాగితీగ తెచ్చి తనే స్వయంగా చుట్టాడు, పూత మీద పూత రంగు కొట్టాడు. పొద్దున భార్యే దాన్ని స్టూలెక్కించింది. మొగుడి మనసెరిగిన ఇల్లాలని మురిసిపోయాడు కూడా.

"అది తుడవను కూడా లేదు మేడం. ఇది చూడండి, అద్దంలా ఉంది."

"రైతు అద్దం కొనుక్కోడు కదండీ. ఆ మూలదే తీయండి."

కిందటిసారి పరీక్ష తప్పింది. ఈసారీ తప్పితే భద్రతా ముద్ర ఈ ఏడాదికి లేనట్టే. ముద్ర లేని పంపును ఏ కొట్టువాళ్లూ గడప తొక్కనివ్వడం లేదు. షెడ్డుకు తాళం వేసి, మళ్లీ ఎవరి దగ్గరో పనికి కుదరాలి. చూడబోతే ఆ మూలది భార్య చుట్టిన మామూలు పంపు, రోజూ చేసే బాపతు.

"అలా నిలబడిపోతారేం, ఓ చెయ్యి వేయండి" అంది భార్య. ఇద్దరూ కలిసి దాన్ని బల్ల మీదికి చేర్చారు.

ఇన్‌స్పెక్టరమ్మ ముందు ఎర్త్ వైరు చూసింది. పంపు ఒంట్లోకి కరెంటు దిగితే మనిషిని పట్టుకోకుండా ఆ వైరు గుండానే నేలలోకి పోవాలి. అది బాగానే ఉంది. తర్వాత లోపల చుట్టిన రాగితీగకు, అదే వైండింగుకు, మీటరు తగిలించింది. తేడా ఉంటే మీటరు కుయ్యిమంటుంది. కిందటిసారి విన్న ఆ కూత అతని చెవుల్లో ఇంకా ఉంది. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఎంతకీ చప్పుడు లేదు.

"మీటరు పాడైందా మేడం?" అని నెమ్మదిగా అడిగాడు.

ఆవిడకు నవ్వాగలేదు. "మీటరు బాగానే ఉంది, పంపూ బాగానే ఉంది. ముద్ర వేసుకోండి. అన్నీ ఇలాగే చేయండి" అని సామాను సర్దుకుని వెళ్లిపోయింది.

అతను కూలబడ్డట్టు బల్ల మీద కూర్చున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. షెడ్డు నిలబడింది. కాస్త తేరుకున్నాక మాత్రం పాత గొంతు తిరిగొచ్చింది.

"మామూలుదే గట్టెక్కిందంటే ఇక నా చేత్తో చేసింది ఎలా ఉంటుందో ఆలోచించు. ఈ నీలంది అమ్మను. మీ అమ్మగారి తోటలో బిగిద్దాం."

"మా అమ్మ మీద మీకెందుకండీ అంత కోపం?"

అంటూనే ఆమె టెస్ట్ బల్బు తీసుకుని ఒక కొస నీలం పంపు ఎర్త్ వైరుకీ, రెండో కొస ఇరుసుకీ ఆనించింది. రెండూ కలిసి ఉంటే వెలగాల్సిన బల్బు వెలగలేదు. ఎర్త్ వైరు బిగించిన స్క్రూ విప్పి చూపించింది. దాని కిందా, మరల్లోనూ నీలం రంగు పేరుకుపోయి ఉంది. ఎర్త్ వైరు పంపును తాకనే లేదు.

అతని మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. "ఇది నీకెప్పుడు తెలిసింది?"

"పొద్దున్నే. గీకే టైం లేదు. చెబితే మీరు వినరు."

"మరి ఎక్కడో ఓ మూలన దాచేయక, తీసుకెళ్లి ఆవిడ ఎదురుగా స్టూలెక్కిస్తావా?"

ఆమె గరుకు కాగితం అందుకుని రంగు గీకడం మొదలుపెట్టింది.

"మూలన దాస్తే ఆవిడ అదే తీసేది కదండీ."