గోళ్ళ కింద తెలుపు

మేస్త్రి చేతుల నలుపు ఒక్క రుద్దుకే వదిలిపోయింది.

తువ్వాలు పట్టుకుని నిలబడ్డ భార్య అది చూసింది. ఇరవై రెండేళ్ళుగా కారు మెకానిక్‌తో కాపురం. కిరసనాయిలుతో అరగంట తోమితే గానీ వదలని జిడ్డు అది. గోళ్ళ కింద నలుపైతే పెళ్ళి ఫోటోలో కూడా ఉంది. ఇవాళ గోళ్ళు పాలలో కడిగినట్టున్నాయి.

"పని బాగా ఉందా?"

"చచ్చేంత," అన్నాడు మేస్త్రి, చేతులు తువ్వాల్లోకి దాచుకుంటూ.

ఆ చేతులంటే ఆమెకి గర్వం. ఎలక్ట్రిక్ కార్ల మాట ఎవరెత్తినా, "మా ఆయన చేతులు తెల్లబడ్డ రోజు మాకు పస్తే" అని కొట్టిపారేసేది.

చొక్కా నానబెడుతుంటే ఇంకో అనుమానం. ఇదివరకు పెట్రోలు, డీజిలు, గ్రీజు అన్నీ కలిసి కంపు కొట్టేది. రెండు నెలలుగా ఒక్క పాత ఇంజనాయిల్ వాసనే. దాని అడుగున మల్లెల సబ్బు. వాళ్ళింట్లో లేని సబ్బు. పైగా పొద్దున్నే ఈల వేసుకుంటూ స్కూటర్ ఎక్కుతున్నాడు.

"అన్నయ్య ఎక్కడో శుభ్రంగా కడుక్కుని, మళ్ళీ పైపైన పూసుకొస్తున్నాడు వదినా," అంది ఆడపడుచు. "పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు."

"నోర్ముయ్," అంది గానీ, ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

మర్నాడు మధ్యాహ్నం షెడ్డుకి వెళ్ళింది. షట్టరుకి తాళం. పక్క టీకొట్టతను ఆమె మొహం చూడకుండా, వీధి చివరి అద్దాల భవనం వైపు గడ్డం ఎత్తాడు.

అద్దం వెనక మొగుడు. నలగని చొక్కా, దువ్విన తల. పక్కన నీలం యూనిఫాంలో పాతికేళ్ళ పిల్ల. ఇద్దరూ ఒకే కంప్యూటర్ తెరలోకి వంగి చూస్తున్నారు. ఆ పిల్ల ఏదో అంది. మేస్త్రి పగలబడి నవ్వాడు. తన దగ్గర అలా నవ్వి ఎన్నాళ్ళయిందో ఆమెకి గుర్తు రాలేదు.

అతను ఏదో పనిమీద వెనక్కి వెళ్ళగానే తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. మూల వాష్‌బేసిన్ మీద మల్లెల సబ్బు.

"మా ఆయన చేతులు కడిగేది నువ్వేనా?"

ఆ పిల్ల బిత్తరపోయింది. ఒక్క క్షణం ఆమెని పరికించి, పెదవులు బిగబట్టి నవ్వాపుకుంది. వంగి, బేసిన్ కిందనుంచి పాత రంగు డబ్బా ఒకటి లాగి మూత తీసింది. నిండా నల్లటి ఇంజనాయిల్.

"కడగడానికేముంది ఆంటీ, ఈ కరెంటు కార్ల పనిలో చేతులకి మరకే అంటదు, తెల్లచేతులు చూస్తే మీరు పస్తులని భయపడతారని, పనిలో చేరిన రోజునుంచీ అంకులే సాయంత్రం ఇంటికి బయల్దేరేముందు ఇది పూసుకుంటారు."