పై ఊరి తూము

"నా తమ్ముడు అలాంటివాడు కాదు. కాదంటే కాదు!" అని పదిమందిలో నోరు పారేసుకుని మరీ బయల్దేరింది కట్టక్క.

ఆమె అసలు పేరు ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. వాగుకి అడ్డంగా రాతికట్ట కట్టుకుంటే తప్ప ఈ మెట్టనేలకి బతుకు లేదని గడపగడపకీ తిరిగి పోరు పెట్టిన మనిషి. కట్ట లేచేదాకా ఒక్కళ్ళనీ కుదురుగా కూర్చోనివ్వలేదు. అందుకని ఆ పేరు.

ఇప్పుడా కట్ట వెనక నీళ్ళు మోకాలిలోతు కూడా లేవు. చేలో చూస్తే వేరుశనగ ఊడలు దిగే వేళ. ఇప్పుడు తడి తగలకపోతే గింజ పట్టదు, ఏడాది కష్టం గాలికి పోతుంది. వానలంటారా, బాగానే పడ్డాయి. మరి నీళ్ళేవీ?

"పైన మీ పుట్టింటి ఊరివాళ్ళు తూము మూసేశారట" అన్నాడు మొగుడు, నసుగుతూ.

వాగు వెంట ఎవరు కట్ట కట్టుకున్నా అడుగున ఒక తూము పెట్టాలి. దాన్ని మూయకూడదు. కొంత ఆపుకో, కొంత కిందికి వదులు. ఇదీ ఒప్పందం. ఆ మాట ముందుగా అన్నదీ, అందరిచేతా ఒట్టు వేయించిందీ కట్టక్కే. పై ఊరి తరఫున ఒట్టేసింది తమ్ముడు. చంకనేసుకుని పెంచిన తమ్ముడు!

దారిలో ఫోను మోగింది. చెల్లెలు.

"దీనికి వేళాపాళా లేదు" అని నొక్కేసింది. మళ్ళీ మోగింది. మళ్ళీ నొక్కేసింది.

ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా పై ఊరి కట్ట దగ్గరికే పోయింది. అబ్బ, ఏం నీళ్ళు! కళ్ళు చెదిరాయి. కొంగలు కూడా దిగాయి. కట్ట కిందికి దిగి తూములోకి తొంగి చూసింది. బంకమట్టి నింపిన ఎరువుల సంచులు కసిదీరా కుక్కేసి ఉన్నాయి. చుక్క కారితే ఒట్టు.

కట్టక్క ఒక సంచి పట్టి లాగింది, కదల్లేదు. ఆ రాళ్ళమీదే చతికిలబడింది. ఈ కట్ట కట్టేటప్పుడు తన ఊరి ఆడవాళ్ళని వెంటబెట్టుకొచ్చి రాళ్ళు మోసింది తను. అరచేతులు బొబ్బలెక్కితే, "నీ రుణం తీర్చుకోలేనక్కా" అన్నాడు వీడు. తీర్చుకున్నాడు, భేషుగ్గా.

ఇంట్లో అడుగుపెట్టగానే తమ్ముడి ముఖం చూసింది. అడగక్కర్లేకపోయింది.

"నువ్వేనట్రా?"

"ఊరంతా ఒక్కటై అడిగితే నేనొక్కణ్ణీ కాదనేదెలా అక్కా? కళ్ళముందే నీళ్ళు పారిపోతుంటే ప్రాణం ఒప్పలేదు. ఒక్కసారి నిండనీ, తీసేస్తాం."

"నీ కట్ట నిండేదెప్పుడు, నా చేను తడిసేదెప్పుడు? కింద అక్క ఉందని గుర్తురాలేదూ?"

తమ్ముడు తల దించుకున్నాడు. "గుర్తొచ్చింది. కింద ఉన్నవాళ్ళు ఎలాగో సర్దుకుంటార్లే అనిపించింది."

మరదలు గబగబా నీళ్ళగ్లాసు తెచ్చింది. మాట మార్చాలని మంచం మీద మడతపెట్టిన బొంత చూపించింది. అమ్మ పోయాక అమ్మ పాత బట్టలన్నీ ముక్కలు కలిపి, చెల్లెలు తోబుట్టువులకి తలా ఒకటి కుట్టి ఇచ్చిన బొంత అది.

"మాది అంచు ఊడింది వదినా. నీది బాగుందా?"

"ఉంది ఎక్కడో" అని తుంచేసింది కట్టక్క. గ్లాసు ముట్టుకోలేదు. "తడిగుడ్డతో గొంతు కోశావు కదరా! పగవాడు చేసుంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. ఇక ఈ గడప తొక్కను, నీ ఇంటి నీళ్ళు తాగను."

"అక్కా..." అంటూ తమ్ముడు వీధి మలుపుదాకా వెంటపడ్డాడు. వెనక్కి తిరిగి చూస్తే ఒట్టు.

వాగు పక్కనే నడిచింది. ఇసుక చెప్పుల్లోకి దూరి చురచురలాడుతోంది. ఏడుపు ఆగడంలేదు, కోపమూ ఆగడంలేదు. చేను పోతే పోయింది, వచ్చే ఏడు వేసుకోవచ్చు. తమ్ముణ్ణి ఎక్కణ్ణుంచి తెచ్చుకోను? లోకంలో ఇక నాదంటూ మిగిలింది చెల్లెలొక్కతే. అయ్యో, పాపం అది అన్నిసార్లు ఫోను చేసిందే! ఈ కడుపుమంట దానికి చెప్పుకుంటే తప్ప చల్లారదు. ఫోను చేసింది. మోగింది గానీ, తీయలేదు.

ఇంటి మలుపులోనే మొగుడు ఎదురొచ్చాడు. ముఖం ముఖంలా లేదు.

"మీ చెల్లెలొచ్చింది. పొద్దుట్నించీ గడప మీదే కూర్చుంది. లోపలికి రమ్మంటే రాదు. మంచినీళ్ళిస్తే ముట్టదు."

"వచ్చిందా! నా తల్లే!" కట్టక్క ప్రాణం లేచొచ్చింది. పరుగులాంటి నడకతో వాకిట్లోకి వచ్చేసింది. "చూశావుటే, మన తమ్ముడు చేసిన పని? తోడబుట్టినవాళ్ళే ఇంత మోసం చేస్తే ఇంకెవర్ని నమ్మాలే..."

ఈ ఊరికీ కింద, వాగు దిగువన ఉన్న ఊరికి కాపురానికెళ్ళిన చెల్లెలు తలెత్తలేదు. ఆమె ఒళ్ళో, కట్టక్క తన చేతుల్తో తన ఊరి తూములో కుక్కొచ్చిన బొంత బురదనీళ్ళు కారుతూ ఉంది.