కుడి పక్క పిట్ట

"ఆ పెన్‌డ్రైవ్ ముట్టుకోకు! చేతులు రెండూ బల్ల మీద పెట్టు!"

ఆపరేటర్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. గుమ్మంలో తాళాలక్క నిలబడి ఉంది. ఎంబ్రాయిడరీ షాపు ఆవిడదే. వేసిన తాళాన్ని మూడుసార్లు లాగి చూస్తే గానీ నమ్మదని పనివాళ్ళు పెట్టుకున్న పేరది. భోజనానికి ఇంటికెళ్తున్నానని చెప్పి వెళ్ళిన మనిషి, పావుగంట తిరక్కుండా చెప్పులు చేత్తో పట్టుకుని, అలికిడి లేకుండా వచ్చేసింది.

కంప్యూటర్ తెర నిట్టనిలువునా రెండుగా చీలి ఉంది. ఎడమ పక్క షాపు డిజైన్ల ఫోల్డర్. కుడి పక్క పెన్‌డ్రైవ్. రెండు పక్కలా అవే పేర్లు బారులు తీరి ఉన్నాయి. లకుముకిపిట్ట, జంట చేపలు, తీగమల్లె, తూనీగలు...

"నెల రోజులుగా చూస్తున్నా," అంది తాళాలక్క. "మనం కొత్త డిజైన్ మెషీన్‌కి ఎక్కించేలోపే స్టేషన్ దగ్గరి షాపులో అదే డిజైన్ దిండు గలీబుల మీద వేలాడుతోంది. ఎవరు మోస్తున్నారా అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్నా. నువ్వేనన్నమాట!"

"నేనేం పట్టుకెళ్ళట్లేదక్కా. ఇవి వాళ్ళవి. మనవాటితో పోల్చి చూస్తున్నాను."

"వాళ్ళవి నీ చేతికెలా వచ్చాయి?"

"మా పిన్ని కూతురు అక్కడే పనిచేస్తోంది. వాళ్ళ మాస్టారి డిజైన్లు మనమే కొట్టేస్తున్నామని నిన్న ఇంటికొచ్చి మరీ నన్ను దులిపేసింది. మా అక్క అలాంటిది కాదన్నాను. కావాలంటే ఫోల్డర్ మొత్తం ఇవ్వు, రుజువు చేస్తానని పంతం పట్టాను."

"ఎంత మాటంది!" తాళాలక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. కూర్చుందే గానీ పెన్‌డ్రైవ్ మీది నుంచి చూపు తిప్పలేదు. "ఏదీ, పోల్చు. నా కళ్ళ ముందే."

"ఈ మీట నొక్కితే రెండు పక్కలా ఒకేలా ఉన్నవన్నీ కనబడకుండా పోతాయక్కా. తేడా ఉన్నవే మిగులుతాయి."

నొక్కింది. ఎడమ పక్క ఒక్క పేరు కూడా మిగల్లేదు. తెర సగం తెల్లగా, ఊడ్చి కడిగినట్టు అయిపోయింది.

తాళాలక్క తెర మీదికి వంగింది. "మనవేవే?"

"ఎక్కడికీ పోలేదు. మన దగ్గరున్న ప్రతి డిజైనూ వాళ్ళ దగ్గరా ఉంది. సైజూ, తేదీ, నిమిషాలతో సహా."

"చూశావా! మొత్తం ఎత్తుకుపోయారు. నేననలా?"

"కుడి పక్క కూడా చూడండి."

కుడి పక్క ఇంకా ముప్పై దాకా మిగిలే ఉన్నాయి. ఆపరేటర్ ఒక్కొక్కటీ తెరిచింది. మొదటిదాంట్లో లకుముకిపిట్టకి ముక్కు లేదు. రెండోదాంట్లో ముక్కు వచ్చింది గానీ రెక్క వంకరపోయింది. నాలుగోదాంట్లో రెక్క కుదిరింది, తోక చెరిపేసి ఉంది. తేదీలన్నీ షాపు ఫోల్డర్‌లోని పిట్ట కంటే ముందువి.

"చిత్తులు గీసినవాళ్ళ దగ్గరే ఉంటాయి కదక్కా," అంది ఆపరేటర్ నెమ్మదిగా. "మన దగ్గర ఒక్కటీ లేదు."

షాపుకి డిజైన్లు తెచ్చేది ఒక్కరే. తాళాలక్కని కట్టుకున్నవాడు.

"మెషీన్ల మోతలో గీత కుదరదని రోజూ పొద్దున్నే ల్యాప్‌టాప్ భుజాన వేసుకుని పోయేది గీయడానికి కాదన్నమాట," అంది పళ్ళు నూరుతూ. "కొట్టుకు రావడానికి!"

మళ్ళీ తెర వైపు వంగింది. ఒక్క ఈక కోసం నాలుగుసార్లు చెరిపి గీసిన గీతలవి. "ఎంత ఓపికమ్మా ఈయనకి! ఎవరే ఈ మాస్టారు?"

"పేరు మా చెల్లికీ తెలీదట. అందరూ మాస్టారనే అంటారట. పొద్దున్నే వచ్చి రెండు గంటలు గీసి వెళ్ళిపోతారట. పైసా పుచ్చుకోరట. పనివాళ్ళు చుట్టూ చేరి బాగుందంటే చాలట, చంటిపిల్లాడిలా మురిసిపోతారట."

సరిగ్గా అప్పుడే దారపు కండెల సంచీతో భర్త లోపలికొచ్చాడు. తెర మీద ముక్కు లేని పిట్టని చూసి ఉన్నచోటే ఆగిపోయాడు.

"ఎక్కణ్ణుంచి తెస్తున్నారండీ ఈ డిజైన్లు?"

"అదీ... నేను..."

"మీరే గీస్తున్నారంటే నమ్మాను చూడండి, నన్ననాలి! స్కేలు పెట్టి గీసినా గీత వంకరపోయే చెయ్యి మీది. ఈ పిట్టని చూడండి. అదిలిస్తే ఎగిరిపోయేలా ఉంది. ఏడు జన్మలెత్తినా మీ వల్ల అవుతుందా ఇది?"

పట్టుబడ్డవాడు తల దించుకోవాలి గానీ, అతని కళ్ళలో ఆ మెరుపేమిటో తాళాలక్కకి అంతుపట్టలేదు. ఆవిడకి ఒళ్ళు మండింది.

"నవ్వొస్తోందా మీకు? ఊళ్ళో తలెత్తుకు తిరగొద్దూ మనం? పదవే, ఆ షాపుకెళ్ళి ఆయన ఇల్లెక్కడో కనుక్కుందాం. ఆ మాస్టారి కాళ్ళ మీద పడి తప్పయిపోయిందని చెప్పుకుంటే తప్ప నాకివాళ ముద్ద దిగదు."

ఆవిడ విసురుగా లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. భర్త సంచీ కింద పెట్టి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. తన చెప్పులు విడిచి పక్కకి నెట్టాడు.

"ఎండలో అంత దూరం దేనికే," అన్నాడు. "ఆ కాళ్ళు ఇవే."