బఠాణీ కోసం వచ్చినవాళ్ళు

“ఇరవై రెండో తారీఖు ఉదయం కొన్నారు మేడం దాన్ని. జబ్బు లోడు ఆ దుకాణంలో దిగింది సాయంత్రం. ఈ ఒక్కదాన్నీ వదిలేయొచ్చు కదా!”

వ్యాను వెనక సీట్లో కూర్చుని అటెండర్ అడగడం ఇది మూడోసారి.

“బిల్లు మీద తారీఖే ఉంది. ఉదయమో సాయంత్రమో లేదు. నీకెలా తెలుసు?” అంది పశువుల డాక్టరమ్మ, జాబితాలోంచి తలెత్తకుండానే.

అటెండర్ కాళ్ళ దగ్గరున్న పెట్టెని పక్కకి జరిపాడు. “ఊరికే... అయ్యుండొచ్చేమోనని. పోనీ ముందు పరీక్ష చేసి చూద్దాం మేడం.”

“కిట్లు మనుషులకే చాలట్లేదయ్యా బాబూ. ఇరవై రెండున అమ్మినవి కూడా తెమ్మన్నారు. తెద్దాం.”

పెంపుడు జంతువుల దుకాణంలో పనిచేసే అమ్మాయికి కరోనా వచ్చింది. అనుమానంతో పరీక్ష చేస్తే అక్కడి హామ్‌స్టర్లకీ ఉందని తేలింది. ఎలకకి దూరపు చుట్టాల్లా, గుప్పెట్లో పట్టేంత ఉంటాయవి. మనుషుల నుంచి వాటికి అంటిందో, వాటి నుంచే మనుషులకి అంటిందో ఎవరూ తేల్చలేదు. తేలేలోపు వాటి ప్రాణం మీదికొచ్చింది. దుకాణం బిల్లుల్లోంచి చిరునామాలు తీశారు. ఒక్కో ఇంటికీ వెళ్ళి పట్టుకురావడం, ఆస్పత్రిలో సూది వేసి మళ్ళీ లేవకుండా నిద్రపుచ్చడం. అదీ వీళ్ళ పని.

మొదటిరోజే డాక్టరమ్మ సిబ్బందిని వరసగా నిలబెట్టి, “మీ ఇళ్ళల్లో ఉంటే ఇప్పుడే చెప్పండి. దాచారని తర్వాత తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది” అంది. ఎవరూ చెయ్యెత్తలేదు. అప్పట్నుంచి అంతా ఆస్పత్రి హాల్లోనే ఉంటున్నారు. ఇవాళ్టికి పన్నెండు రోజులు.

తల నుంచి కాలిదాకా తెల్ల సూటు. మాస్కు, కళ్ళద్దాలు. జిప్పు మీద టేపు. తొడిగాక దురద పుట్టినా గోక్కోవడానికి లేదు, ఫోన్ మోగినా తీయడానికి లేదు. పొద్దున డాక్టరమ్మ సూటు లోపల ఫోన్ ఏడుసార్లు మోగింది. “మా ఆయనే అయ్యుంటాడు. బీరువా తాళాలు కనబడట్లేదేమో, మోగనీ” అని నవ్వేసిందావిడ.

ఇంకో నియమం కూడా ఉంది. గడప దగ్గర మాట్లాడేది డాక్టరమ్మే. పెట్టె మోసేవాడు నోరు విప్పకూడదు. తలోమాటా చెప్పబోయి మొదటివారం ఒకింట్లో తన్నులదాకా వచ్చింది.

వ్యాను ఆగింది.

“ఇంట్లో ఎవరూ లేనట్టున్నారు మేడం. రేపొద్దాం” అన్నాడు అటెండర్.

“దిగకుండానే తెలిసిపోయిందా? పద.”

గేటు గడియ డాక్టరమ్మ ఎంత లాగినా రాలేదు. అటెండర్ దాన్ని కాస్త పైకెత్తి పక్కకి తోశాడు. వచ్చేసింది.

తలుపు తీసింది ఎనిమిదేళ్ళ పాప. వెనకాల గోడ పట్టుకుని నానమ్మ, ఆయాసపడుతూ. హాల్లో ఒక మూల పంజరం, అందులో కీచుమంటూ తిరుగుతున్న చక్రం. రెండు చుక్కలు నూనె వేస్తే ఆ మోత పోతుందని అటెండర్‌కి అనిపించింది.

“బఠాణీ కోసమా?” పాప ముఖం పాలిపోయింది. “టీవీలో చూశాను. చంపేస్తారు కదా?”

డాక్టరమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది. “మీ నానమ్మకి ఆయాసం కదమ్మా. దాన్నుంచి ఆవిడకి అంటుకుంటే?”

“దానికేం లేదు. తుమ్మదు కూడా. మా నాన్న క్యాంపుకెళ్ళాడు. వచ్చాక నాన్ననడిగి తీసుకెళ్ళండి.”

“అంతదాకా ఆగలేం తల్లీ.”

పాప అటెండర్ వైపు తిరిగింది. “అంకుల్, మీరైనా చెప్పండి. మీకు పాప లేదా?”

ఉందన్నట్టు తలూపాడు.

“మరి ఆ పాప దగ్గర్నుంచి ఇలాగే లాక్కెళ్తారా?”

కళ్ళద్దాలు లోపల్నుంచి మసకబారాయి. తుడుచుకునే దారి లేదు. డాక్టరమ్మ కాళ్ళ మీద పడైనా బతిమాలాలనిపించింది. ఉద్యోగం పోతే పోనీ, నోరు విప్పేద్దామనుకున్నాడు. అంతలో నానమ్మకి దగ్గు తెర వచ్చింది. ఊపిరందక వంగిపోయింది. అతను పెట్టె మూత తెరిచాడు.

తేరుకున్నాక ఆవిడ డాక్టరమ్మని చూడలేదు. పెట్టె పట్టుకున్నవాణ్ణే చాలాసేపు చూసింది.

“ఇచ్చెయ్యమ్మా” అంది పాపతో మెల్లగా. “వాళ్ళకి మాత్రం ఇష్టమా?”

అటెండరే పంజరంలో చెయ్యి పెట్టాడు. ఈ పన్నెండు రోజుల్లో అతని గ్లవుజు కొరకని హామ్‌స్టర్ ఇదొక్కటే. అరచేతిలోకి ఎక్కి, ముడుచుకుని కూర్చుంది. దాన్ని పెట్టెలో పెట్టి మూత వేశాడు.

“చీకటంటే దానికి భయం. పెట్టెకి చిల్లులున్నాయా?” అని పాప వెక్కుతూ అడిగింది. అతను పెట్టె వంచి చిల్లులు చూపించాడు.

వ్యాను దగ్గరికి చేరేసరికి వెనకనుంచి పరుగు వినబడింది. నానమ్మ ఫోన్ పట్టుకుని పాప గేటు దాకా వచ్చేసింది.

“ఆగండి! ఎక్కడికీ వెళ్ళకండి! మా నాన్నకి ఫోన్ చేస్తున్నా. నాన్న ఒప్పుకోడు. బఠాణీని ఎవరికీ ఇవ్వనివ్వడు!”

“వద్దమ్మా, చెయ్యకు!” అంటూ నానమ్మ ఆయాసంతోనే చెయ్యి చాచింది. అప్పటికే పాప నంబరు నొక్కి ఫోన్ చెవికి ఆనించుకుంది.

డాక్టరమ్మ జాలిగా ఆగింది. వీధిలో ఎక్కడా చప్పుడు లేదు.

టేపు వేసిన తెల్ల సూటు లోపల, పెట్టె మోస్తున్న అటెండర్ చొక్కా జేబులో ఫోన్ మోగడం మొదలుపెట్టింది.